సముద్రం వైపు పల్లం

మా ఆయన హల్వార్ జన్మలో ఒక్కసారి డిస్కస్‌ను దూరంగా విసిరాడు. ఆ తర్వాత బతుకంతా ఆ విసురు గురించి మాటలు విసురుతూనే ఉన్నాడు. పెళ్లిళ్లలో విసిరాడు, చావుల్లో విసిరాడు. నేను పురుడు పోసుకుని ఆసుపత్రిలో పడుకుంటే, పక్క మంచం ఆవిడ మొగుణ్ణి పట్టుకుని అక్కడా విసిరాడు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనేవాళ్లు నయం. వాళ్లకి తాతలన్నా వేరే ఉన్నారు. ఈయనకి తాతా తనే, మూతీ తనదే.

జిల్లా రికార్డు మరి! మా ఊరు సోర్విక్‌లో క్లబ్బు గదిలో కాఫీ కెటిల్ పైన గోడకి ఇత్తడి పలక బిగించారు. దాని మీద ఈయన పేరూ, దూరమూ, తేదీ. విసిరింది మా ఊరి మైదానంలోనే. క్లబ్బులో అమ్మే వాఫెల్ అట్లకి పిండి కలిపేదాన్ని నేనే కాబట్టి శనివారం శనివారం ఆ పలక తుడిచే భాగ్యం కూడా నాదే. ఆ పలక పుణ్యాన ఈయన కోచ్ అయ్యాడు. మొదట ఊరి పిల్లలకి, తర్వాత చుట్టుపక్కల ఊళ్ల వాళ్లకి, చివరికి, మా ఖర్మ కాలి, మా అమ్మాయి సున్నీవాకి.

సున్నీవాకి అప్పుడు ఇరవై నాలుగేళ్లు. పాలకేంద్రంలో పని. గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు రాదు, అంత మనిషి. నోట్లో మాత్రం నాలుక లేదు. అది నా పోలిక కాదని మీకీపాటికి తెలిసే ఉంటుంది. ఆ వేసవిలో దాని గురి ఒక్కటే, ఆగస్టులో జర్మనీలో జరిగే యూరప్ పోటీలు. వెళ్లాలంటే జూలై ఆఖరులోపు ఏదైనా అధికారిక పోటీలో యాభై ఎనిమిది మీటర్లు విసరాలి. ఏళ్ల తరబడి దానికి ఇవతలే పడుతోంది. “ఈసారి కాకపోతే మానేస్తానమ్మా, ఇక నావల్ల కాదు” అని నాతో ఒక్కదానితోనే చెప్పింది.

విచిత్రమేమిటంటే, ఇంటి దగ్గర సాధన చేసేటప్పుడు డిస్కస్ ఆ దూరానికి పోయి పడేది. ఒక్కోసారి దాటేది కూడా. ఊరు దాటి ఎక్కడ విసిరినా రెండు మూడు మీటర్లు తక్కువ. దానికి మా ఆయన దగ్గర కారణం ఎప్పుడూ సిద్ధమే. “నీ చెయ్యి బ్రహ్మాండం. గుండే పిరికిది.” పిల్లకి పంతొమ్మిదో ఏట మొదలుపెట్టాడు ఆ పాట. రోజూ అదే వింటే రాయైనా నమ్ముతుంది.

ఆ ఏప్రిల్‌లో మంచు కరగ్గానే ఎప్పటిలాగే ఊరి శ్రమదానం. మా దగ్గర సొంత పెళ్లికి ఆలస్యంగా వచ్చినా క్షమిస్తారు గానీ శ్రమదానం ఎగ్గొడితే క్షమించరు. డాక్టరూ వస్తాడు, చేపలు కోసేవాడూ వస్తాడు, దంతెలు పట్టుకుని అందరూ మైదానం శుభ్రం చేస్తారు. అసలు ఆ మైదానం పుట్టిందే శ్రమదానంలో. యుద్ధం ముగిసిన ఏడు మా మామగారూ ఆయన ఈడువాళ్లూ గుర్రాలతో బండలు లాగి, పారలతో మట్టి పోసి చేసిన నేల. దాన్ని ఎవడైనా పల్లెత్తు మాట అన్నాడంటే ఊళ్లో సగం మంది తండ్రుల సమాధుల మీద ఉమ్మినట్టే.

హల్వార్ పని చేసే రకం కాదు, చేయించే రకం. డిస్కస్ విసిరే సిమెంటు రింగులో నిలబడి ఉపన్యాసం ఎత్తుకున్నాడు.

“డిస్కస్‌కి కావలసింది ఎదురుగాలి. వెనకనుంచి తోసే గాలి కాదు, ఎదురుగాలి! దాని మీద తేలిపోతుంది. మన సముద్రం మీంచి వచ్చే గాలి ఉంది చూశారూ, దేవుడిచ్చిన కోచ్ అది.”

“అయితే మధ్యలో నువ్వెందుకు?” అన్నాను, పిండి కలుపుతూ.

అందరూ నవ్వారు. క్లబ్బు అధ్యక్షుడు టోర్ఫిన్, ఒకప్పుడు ఊరి ఫుట్‌బాల్ గోల్‌కీపర్, దంతె మీద వాలి, “నీ నోటికి మాత్రం ఏ గాలీ అడ్డు కాదు బోర్గిల్” అన్నాడు. మా ఆయన నవ్వలేదు. తన మీద తప్ప ఎవరి మీద జోకు వేసినా నవ్వుతాడు ఆ మనిషి.

జూన్‌లో బెర్గెన్ పోటీ. సన్నటి వాన, గాలి ఊసే లేదు. కాగితంలో చుట్టి ఇచ్చిన రొట్టె ముక్కలు పిల్ల ముట్టుకోలేదు. పేరు పిలవక ముందే స్టేడియం వెనక్కి పోయి వాంతి చేసుకుంది. తర్వాత మూతి తుడుచుకుని వచ్చి విసిరింది. మూడు మీటర్లు తక్కువ. మిగతా విసుర్లూ అక్కడక్కడే పడ్డాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఫెర్రీలో, కాఫీ చేతికి రాగానే మొదలెట్టాడు.

“మొన్న ఇంటి దగ్గర అంత దూరం విసిరావు. ఇవాళేమొచ్చింది?”

“ఏమో నాన్నా. చేతికి బాగానే తగిలినట్టు అనిపించింది.”

“అనిపిస్తుంది. పిరికితనం అలాగే ఉంటుంది. చేతికి తెలీకుండా లోపల బ్రేకు వేస్తుంది. పెద్ద పోటీలంటే ఏమిటో నాకు తెలుసు, నేను అనుభవించినవాణ్ణి.”

“నువ్వు అనుభవించింది ఒక్క మధ్యాహ్నం హల్వార్” అన్నాను.

“నువ్వు నీ వాఫెల్ సంగతి చూసుకో.”

“చూసుకుంటూనే ఉన్నా. ఇంటి దగ్గర ఎంత వస్తుందో బెర్గెన్‌లోనూ అంతే వస్తుంది నా వాఫెల్.”

పిల్ల లేచి డెక్కు మీదికి వెళ్లిపోయింది. అద్దంలోంచి చూశాను, కమ్మీ పట్టుకుని వంగి ఉంది. కడుపులో ఏమీ లేకుండా వాంతి చేసుకోవడం ఎంత బాధో చూడలేక తల తిప్పుకున్నాను. ఎదురుగా మా ఆయన తాపీగా, అది వదిలేసిన రొట్టె ముక్కలు తింటున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నవాణ్ణి చూశాం గానీ, కన్నకూతుర్ని పట్టుకుని ఓడు అనేవాణ్ణి ఈయన్నే చూశాను.

బెర్గెన్ అచ్చిరాలేదని పంతం పట్టి, జూలై మొదట్లో సోర్విక్‌లోనే అధికారిక పోటీ పెట్టించాడు. బెర్గెన్ నుంచి న్యాయనిర్ణేతగా మారెన్ అనే ఆవిడ వచ్చింది. పొట్టి జుట్టు, తక్కువ మాట. ఆ మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి లేచింది. సున్నీవా రింగులో తిరిగింది, విసిరింది, కేక వేసింది. డిస్కస్ గాలి మీద పడుకుని పోయి పోయి, యాభై ఎనిమిది దాటి జానెడు అవతల పడింది.

ఊరు ఊరంతా లేచి గంతులు. టోర్ఫిన్ పరిగెత్తుకెళ్లి జెండా ఎగరేశాడు. మా ఆయన ఏడ్చాడు. కూతుర్ని కౌగిలించుకుంటాడనుకున్నాను, ముందు జనం వైపు తిరిగి చేతులెత్తాడు.

క్లబ్బు గదిలో స్ట్రాబెర్రీలు పెట్టిన క్రీము కేకు కోశాం. మారెన్ కాఫీ తాగుతూ మామూలుగా అడిగింది.

“ఈ నేల మట్టం ఎప్పుడు చూయించారు? పల్లానికి విసిరితే లెక్కలోకి రాదు కదా. ఇంత దూరానికి నాలుగు వేళ్ల కన్నా ఎక్కువ తేడా ఉండకూడదు.”

“మా నాన్నలు చూశారు” అన్నాడు టోర్ఫిన్. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వేసి, ఫెర్రీ టైమైందని వెళ్లిపోయింది.

ఆవిడ వెళ్లాక మాట ఫుట్‌బాల్ మీదికి మళ్లింది. వచ్చే వారం పక్క ఊరి వాళ్లతో ఆట. టోర్ఫిన్ నోటినిండా కేకుతో కుర్రాళ్లకి సలహా ఇస్తున్నాడు. “టాస్ గెలిస్తే ఏం చెయ్యాలో తెలుసుగా. రెండో సగం సముద్రం వైపు. కాళ్లు ఈడ్చే వేళకి బంతి దానంతటదే దొర్లుతుంది.”

ఈ మాట సోర్విక్‌లో పాలతో పట్టిస్తారు. నేనూ వెయ్యిసార్లు విన్నాను. సున్నీవా చిన్నప్పుడు ఆ మైదానంలో ఆడపిల్లల జట్టులో ఆడింది, టాస్ గెలిచి అదే చేసింది. ఎవరికీ ఏమీ తట్టలేదు. కానీ ఆ రోజు అది కేకు పళ్లెం కింద పెట్టేసింది. ఇంకా సగం ముక్క ఉంది దాంట్లో.

మర్నాడు ఆదివారం. ఊరు చర్చిలో ఉండగా గ్యారేజీలోంచి సన్నటి ప్లాస్టిక్ పైపు పట్టుకొచ్చింది. అదే, మేస్త్రీలు నీళ్లు పోసి గోడ మట్టం చూసుకునే పైపు.

“ఒక కొస పట్టుకుంటావా అమ్మా?”

పట్టుకున్నాను. రింగు దగ్గర మొదలుపెట్టి, కర్రలు పాతుకుంటూ, పైపు చాలక ముక్కలు ముక్కలుగా కొలుచుకుంటూ డిస్కస్ పడ్డచోటికి వెళ్లాం. అన్నీ కలిపి చూస్తే రింగు కన్నా అక్కడ మోకాలెత్తు పల్లం.

సున్నీవా గడ్డిలో కూలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. నవ్వుతోంది! నాకు భయమేసింది.

“ఏమైందే?”

“గాలి కొంత ఇస్తోంది. దానికి తప్పు లేదు, గాలికి రూలు లేదు. మిగతాది పల్లం ఇస్తోంది. బెర్గెన్‌లో రెండూ లేవు. అమ్మా, నేను అక్కడా ఇక్కడా ఒకేలా విసురుతున్నాను. నేను పిరికిదాన్ని కాదమ్మా.”

అప్పుడు ఏడుపొచ్చింది నాకు. పైపు వదిలేసి ఆ తడిగడ్డిలోనే కూర్చుని దాని తల ఒళ్లోకి తీసుకున్నాను. అంత పెద్ద తల. “మరి నిన్నటి విసురు? యూరప్?” అన్నాను. అది లేచి పైపు చుట్టడం మొదలెట్టింది.

ఇంటికొచ్చేసరికి మా ఆయన వంటింట్లో ఉడికించిన గుడ్డు పెంకు కొడుతున్నాడు.

“నాన్నా, మైదానం సముద్రం వైపు మోకాలెత్తు పల్లం ఉంది” అంది సున్నీవా.

“వాన నీళ్లు పోవద్దూ? మా నాన్న కావాలనే అలా వేశాడు.”

“అంటే నీకు తెలుసు.”

“ఊళ్లో ఎవడికి తెలీదు? ఆ పల్లంలోనే నేను సైకిలు నేర్చుకున్నా.”

“మరి బయట నేను తక్కువ విసిరినప్పుడల్లా పిరికిదానివని ఎందుకన్నావు?”

ఆయన గుడ్డు పైభాగం చెంచాతో తీసి పక్కన పెట్టాడు.

“కోచ్ అన్నాక ఏదో ఒక కారణం చెప్పాలి కదమ్మా” అన్నాడు. ఉప్పు అందుకున్నాడు.

పిల్ల హాల్లోకి వెళ్లి ఫోను తీసింది.

“ఎవరికి?” అని అరిచాడు వంటింట్లోంచి.

“మారెన్‌కి. మట్టం చూడమని చెబుతా.”

చెంచా కిందపడింది. ఈయన హాల్లోకి వెళ్లిన వేగం చూస్తే, ఆ వేగంతో డిస్కస్ విసిరి ఉంటే నిజంగానే దూరం పడేదనిపించింది. “పిచ్చెక్కిందా నీకు? నీ నోటితో నువ్వే చెబుతావా? యూరప్ పోతుంది! ఇన్నేళ్ల కష్టం పోతుంది!”

“పోతే పోనీ.”

“వాళ్లు అంతటితో ఆగరే. నాది కూడా కొట్టేస్తారు!”

ఇంత కాపురంలో ఆ మనిషి నోట్లోంచి ఊడిపడ్డ మొదటి నిజం అది. అది కూడా నోరు జారి. సున్నీవా ఆయన ముఖం వంక ఒకసారి చూసి నంబరు తిప్పింది.

ఆ వారంలోనే మారెన్ మూడుకాళ్ల యంత్రంతో వచ్చింది. ఎవరూ ఆవిడకి కాఫీ ఇవ్వలేదు, నేనిచ్చాను. కొలిచింది, తల ఊపింది. సున్నీవా విసురు కొట్టేశారు. తర్వాత పాత లెక్కలు తిరగేసి మా ఆయనదీ కొట్టేశారు. పలక టోర్ఫినే ఊడదీశాడు. శవపేటిక మోస్తున్నట్టు రెండు చేతులా పట్టుకుని మా ఇంటికి తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లాడు. మా ఆయన దాన్ని గ్యారేజీలోకి పట్టుకుపోయి, తలుపేసుకుని కూర్చున్నాడు. భోజనానికి పిలిస్తే రాలేదు. ఆకలేసినప్పుడు వచ్చాడు.

ఇక ఊరు! కొట్లో నేను అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. శనివారం క్లబ్బులో నా వాఫెల్ పిండి పిండిగానే మిగిలింది. టోర్ఫిన్ ఒకరోజు ఆ కొట్లోనే మొహం మీద అన్నాడు.

“ఈ నేల మా నాన్న రెక్కల కష్టం బోర్గిల్. మీ అమ్మాయి దాన్ని వంకర అని పరాయివాళ్లతో రాయించింది.”

“మీ నాన్న దాన్ని ఫుట్‌బాల్‌కి చేశాడు. బాగా చేశాడు, నీళ్లు నిలవవు. డిస్కస్‌కి చేశానని ఆయన ఏనాడూ అనలేదు, అన్నది మీరు. టాస్ గెలిస్తే ఎటు ఆడాలో పుట్టిన బిడ్డకి కూడా తెలుసు మీ ఊళ్లో. డిస్కస్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరికీ కళ్లు పోయాయి. మీరంతా కళ్లు మూసుకుంటే, కడుపు కక్కుకున్నది నా పిల్ల.”

టోర్ఫిన్ బంగాళాదుంపల సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. దాని డబ్బులివ్వడం మర్చిపోయి మళ్లీ రావలసి వచ్చింది పాపం. ఆ వంకన ఇంకోసారి నా మొహం చూశాడు.

గడువుకి ముందు ఇంకొక్క పోటీ మిగిలింది, జూలై చివరి శనివారం, బెర్గెన్‌లో. పొద్దున్నే మేం బయల్దేరుతుంటే మా ఆయన కోటు వేసుకుని, బూట్లు తొడుక్కుని, గుమ్మంలో రెడీగా నిలబడ్డాడు.

“వద్దు నాన్నా” అంది సున్నీవా.

“కోచ్ లేకుండా వెళతావా?”

“కోచ్ లేకుండానే వెళతా.”

నా వైపు చూశాడు, నేనేమన్నా అంటానని. నేను కారెక్కి తలుపేసుకున్నాను.

ఫెర్రీ మీద అది తన రొట్టె ముక్కలు తిని, నావి కూడా తినేసింది. స్టేడియంలో ఆకు కదలడం లేదు. పేరు పిలిచారు. నేను అలవాటుగా గేటు వైపు చూశాను, వెనక్కి పరిగెడుతుందేమోనని. అది రింగులోకి నడిచింది.

మొదటి విసురే బెర్గెన్‌లో అది ఇదివరకెప్పుడూ విసరనంత దూరం పడింది. నాలుగోది ఇంకా ముందుకెళ్లింది. డిస్కస్ చేతిలోంచి వదిలినప్పుడే తెలిసింది నాకు, డిస్కస్ గురించి ఒక్క ముక్క రాని నాకు! లేచి నిలబడ్డాను. మారెన్ టేపు లాగి చూసింది. మళ్లీ లాగి చూసింది. లేచి సున్నీవా దగ్గరికి తనే వెళ్లి చెప్పింది.

యాభై ఎనిమిదికి అరచేతి వెడల్పు తక్కువ.

మిగిలిన రెండూ దాన్ని అందలేదు. అయిపోయింది. సున్నీవా కంచె దగ్గరికొచ్చి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. దొంగ ఏడుపు కాదు, మర్యాద ఏడుపు కాదు, వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అరచెయ్యి! దేవుడికి నిజంగా ఎదురు నిలబడి అడగాలనిపించింది, నీ సొమ్మేం పోయిందయ్యా అని.

తిరుగు ఫెర్రీలో ముఖం కడుక్కుని వచ్చింది. “చలికాలంలోపు బెర్గెన్ వెళ్లిపోతానమ్మా. అక్కడా పాలకేంద్రం ఉంది. ఇంకో రెండేళ్లు విసిరి చూస్తా.”

“మానేస్తానన్నావుగా?”

“అప్పుడు నాకేమీ రాదనుకున్నా” అంది.

మా రేవులో ఫెర్రీ ఆగేసరికి మా ఆయన అక్కడ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో, ముక్కు ఎర్రబడింది. మేం కారు ఒడ్డుకి తెచ్చి దిగాం.

“ఎంత?”

సున్నీవా చెప్పింది.

“అరచెయ్యంతా! అయ్యో!” అని తల పట్టుకున్నాడు. తర్వాత ఆ నోరు తెరుచుకోవడం చూశాను. పాత మాటే, పెదాల దాకా వచ్చేసింది.

“నేల చదునుగా ఉంది నాన్నా. గాలి లేదు” అంది సున్నీవా. “ఆ దూరం నాదే.”

నోరు మూతపడింది. ఫెర్రీలోంచి కార్లు ఒక్కొక్కటే దిగి వెళ్లిపోతున్నాయి. ఊళ్లోవాళ్లు ఒకరిద్దరు మా వైపు చూసి, చూడనట్టు పోనిచ్చారు. ఆయన బూటు కొసతో రాయి ఒకటి అటూ ఇటూ జరిపాడు. ఇప్పుడైనా, ఈ ఒక్క సాయంత్రమైనా, “తప్పు నాదమ్మా” అంటాడేమోనని నేను వెర్రిదానిలా ఎదురుచూశాను. ఇన్నేళ్లూ కలిసి బతికి కూడా ఎదురుచూశాను చూడండి, నాదీ బుద్ధి తక్కువే.

“సున్నీవా” అన్నాడు మెల్లిగా, “అలాంటి చదును నేల మీద... నాది ఎంత పడి ఉండేదంటావు?”

“ఛీ!” అన్నాను. పైకే అన్నాను, పక్క కారులో వాళ్లు తిరిగి చూసేలా. కూతురి యూరప్ పోయిన పూట కూడా ఈ మనిషికి తన విసురే కావాలి.

దానికి మాత్రం కోపం రాలేదు. నిజంగానే ఆలోచించింది పిచ్చిపిల్ల, ఆయన అడిగినదానికి సరైన జవాబు ఇవ్వాలని. ఎంత ఆలోచించినా దొరకనట్టుంది.

“తెలీదు నాన్నా” అంది. “అది నువ్వే విసిరి చూసుకోవాల్సింది.”